విమానచోదకులు చూచిన వింతవెలుగులు



తెల్లవాఱుజామున లేచి ఎడ్లకు మేత వేయుచు తూర్పుదిక్కున వేగుచుక్కను చూడని రైతు మన పల్లెలలో నుండడు. గడియారములు లేని కాలమున మన పెద్దలకు అదియే గడియారము. అట్టి వేగుచుక్కకు, 2011వ సంవత్సరము జనవరి 14వ తేదీన, ఇంకను చీకటి విడువక మునుపు, అట్లాంటిక్ మహాసముద్రముపై పదునాఱుగురు గాయపడుటలో కొంత పాలు కలదని చెప్పిన మీరు నమ్ముదురా? జరిగిన సంగతి యిది.

కెనడా దేశమందలి టొరాంటో నుండి స్విట్జర్లండు నందలి జ్యూరిక్ నగరమునకు ఒక ప్రయాణిక విమానము 35,000 అడుగుల యెత్తున పోవుచుండెను. ఉపచోదకుడు అలసట తీర్చుకొనుటకై తన పీఠమునందే కొంతసేపు కునుకు తీసి అప్పుడే కన్నులు తెఱచెను. ఎదుటినుండి ఒక అమెరికా సైనికవిమానము 1,000 అడుగుల క్రిందుగా వచ్చుచున్నదని ప్రధానచోదకుడు అతనికి తెలిపెను. అతడు ఎదుటికి చూచెను. అచ్చట ధగధగ మెఱయుచున్న శుక్రగ్రహమును చూచి అదియే ఆ విమానమని తలచెను. కాదు, అది క్రిందుగా వచ్చుచున్నదని ప్రధానచోదకుడు మరల చెప్పెను. అంతలో నిజమైన విమానము అతని కంటబడెను. నిద్రమత్తు వదలని ఆ కన్నులకు అది తమ నెత్తిపైనుండి దిగివచ్చుచున్నట్లు తోచెను. వెంటనే తమ విమానపు ముక్కును ఒక్కపెట్టున క్రిందికి వంచెను. ప్రధానచోదకుడు దానిని పైకి లాగి సరిదిద్దెను గాని, ఆ కొలది క్షణములలోనే పట్టీలు కట్టుకొనక నిద్రించుచున్నవారు ఎగిరిపడిరి. పదునలుగురు ప్రయాణికులకును ఇద్దరు పరిచారకులకును దెబ్బలు తగిలినవి.

ఈ ముచ్చటతో మొదలుపెట్టుట ఆ ఉపచోదకుని ఎగతాళి చేయుటకు గాదు. చీకటిలో ఒక వెలుగును చూచి దాని దూరమును, దాని గమనమును నిర్ణయించుట ఆ పనిలో ఆఱితేఱినవారికి సైతము ఎంత కష్టమో, ఆ పొరపాటు ఎంత అపాయకరమో మీ మనస్సున నుంచుకొని తక్కిన కథ వినవలెనని నా మనవి. నేను ఈ సాయంకాలము చెప్పదలచినది, ప్రయాణిక విమానములు నడపువారు ఆకాశమున చూచితిమని చెప్పిన వింతవెలుగుల చరిత్ర.

కొఱవిదయ్యమును చూచితిమని చెప్పువారు ప్రతి గ్రామమునందును గలరు. వారు చెప్పినది విని నవ్వి ఊరకుందుము. విమానచోదకుని మాట అట్లు త్రోసివేయుటకు వీలులేదు. అతడు కంటిచూపు పరీక్షలో నెగ్గినవాడు. వేలకొలది గంటలు ఆకాశమున తిరిగినవాడు. నక్షత్రములను, మబ్బులను, ఇతర విమానముల దీపములను నిత్యము చూచువాడు. ఆపై అతని చేతిలో పదులకొలది, నేటి దినములలో వందలకొలది ప్రాణములుండును. అట్టివాడు వింతను చూచితినని చెప్పుట తన ఉద్యోగమునకు చేటు తెచ్చుకొనుటయే. ఐనను చెప్పెను. అందుచేతనే ఆ మాటకు బరువు వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధపు చివరి దినములలో, 1944లోను 1945లోను, జర్మనీమీద రాత్రివేళ తిరిగిన అమెరికా యోధులు తమ విమానముల వెంట ఎఱ్ఱని, నారింజరంగు వెలుగులు వచ్చినవని చెప్పిరి. యుద్ధపు హడావిడిలో ఆ మాట అంతగా పొక్కలేదు. లోకమంతట గగ్గోలు పుట్టినది 1947వ సంవత్సరము జూన్ 24వ తేదీన. ఆ దినమున అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున రెయినియర్ అను మంచుకొండ చెంత కెన్నెత్ ఆర్నాల్డ్ అను వ్యాపారి తన సొంత చిన్న విమానమున పోవుచు, తొమ్మిది మెఱయు వస్తువులు బారుగా మిక్కిలి వేగముతో పోవుట చూచెను. అవి ఎట్లు పోయినవని అడుగగా, పళ్లెమును నీటిపై విసరిన ఎట్లు ఎగిరెగిరి పోవునో అట్లు పోయినవనెను. మన పిల్లలు చెఱువులో పెంకులు విసరి కప్పగెంతులు వేయించెదరు గదా, అట్టి గమనమును అతడు చెప్పినాడు. పత్రికలవారు గమనమును విడిచి పళ్లెమును పట్టుకొనిరి. "ఎగిరెడు పళ్లెములు" అను పేరు అట్లు పుట్టినది. ఒక ఉపమానము వస్తువుగా మాఱిపోవుట చరిత్రలో ఇది మొదటిసారి గాదు, కడపటిసారియు గాదు.

తరువాత పది దినములకే, జూలై 4వ తేదీ సాయంకాలమున, ఐడహో రాష్ట్రమందలి బాయిసీ పట్టణము నుండి యునైటెడ్ సంస్థవారి ప్రయాణిక విమానమొకటి బయలుదేఱెను. దాని కెప్టెను ఎమిల్ స్మిత్. ఎగురుటకు ముందు ఎవరో పళ్లెముల మాట ఎత్తగా, నా కన్నులతో చూచిననాడు నమ్మెదనని అతడు హాస్యముగా అనెనట. నేల విడిచిన కొలది నిమిషములకే ఎదుట అయిదు ఆకారములు కనబడినవి. ఉపచోదకుడు రాల్ఫ్ స్టీవెన్స్ అవి ఇతర విమానములని తలచి హెచ్చరికగా తమ దీపములను వెలిగించి ఆర్పెను. అవి మాఱు పలుకలేదు. పిదప మఱి నాలుగు కనబడినవి. పరిచారికను పిలిచి చూపగా ఆమెయు చూచెను. దాపున ఆన్టేరియో అను ఊర నున్న రేడియో కేంద్రమువారిని అడుగగా తమకేమియు కనబడలేదనిరి. ముగ్గురు సాక్షులు, పది పండ్రెండు నిమిషముల కాలము. ప్రయాణిక విమాన సిబ్బంది సాక్ష్యము లోకమంతట అచ్చుపడుట ఇదే ఆరంభము.

మఱుసటి యేడు ఈ వినోదమునకు ఒక ప్రాణము బలియయ్యెను. 1948 జనవరి 7వ తేదీన కెంటకీ రాష్ట్రమున థామస్ మాంటెల్ అను సైనిక వైమానికుడు ఆకాశమున తెల్లగా మెఱయుచున్న ఒక పెద్ద వస్తువును వెంబడించుచు, ప్రాణవాయువు సరఫరా లేకయే 20,000 అడుగులు దాటి పైకి పోయి, స్పృహ తప్పి, విమానముతో కూడ కూలి చనిపోయెను. మొదట అధికారులు అతడు చూచినది శుక్రగ్రహమనిరి. తరువాత, అది నౌకాదళమువారు పరిశోధనకై రహస్యముగా పైకి పంపుచుండిన బ్రహ్మాండమైన బెలూను కావచ్చునను నిర్ణయము బలపడినది. రహస్యము గనుక, నేలమీదినుండి అతనికి ఆజ్ఞలిచ్చిన వారికే ఆ సంగతి తెలియదు.

ఈ మరణపు నీడ ఇంకను తొలగక మునుపే, నేను మిక్కిలి ముఖ్యముగా చెప్పదలచిన సంఘటన జరిగెను.

1948 జూలై 24. ఈస్టర్న్ సంస్థవారి డీసీ-3 విమానము హ్యూస్టన్ నుండి అట్లాంటాకు పోవుచుండెను. రాత్రి రెండుమ్ముప్పావు. అలబామా రాష్ట్రమందలి మాంట్‌గొమరీ పట్టణమునకు నైరృతిగా, 5,000 అడుగుల యెత్తున, వెన్నెలలో ప్రయాణము సుఖముగా సాగుచుండెను. ప్రధానచోదకుడు క్లారెన్స్ చైల్స్, ఉపచోదకుడు జాన్ విటెడ్, ఇరువురును యుద్ధకాలమున విమానములు నడిపినవారు. ప్రయాణికులు దాదాపు అందఱు నిద్రించుచుండిరి. అంతలో ఎదుట కొంచెము కుడిప్రక్కగా ఒక ఎఱ్ఱని వెలుగు కనబడెను. క్షణములో అది మీదికి వచ్చినట్లే వచ్చి, విమానము కుడిప్రక్కనుండి దూసికొనిపోయి, పైకి లేచి మబ్బులలో మాయమయ్యెను. అంతయు పది పదునైదు సెకండ్లు.

వారు చెప్పిన వర్ణన వినుడు. దాదాపు నూఱడుగుల పొడవు, చుట్టవంటి ఆకారము, ఱెక్కలు లేవు, ప్రక్కన రెండు వరుసల కిటికీలు, లోపలినుండి కన్నులు చెదరునట్టి తెల్లని వెలుగు, అడుగున నీలికాంతి, వెనుక నారింజరంగు మంట. మేల్కొనియున్న ప్రయాణికుడొకడు తనకు ఒక వెలుగుచాఱ మాత్రమే కనబడినదనెను. చోదకు లిరువురును వేఱువేఱుగా బొమ్మలు గీసి యిచ్చిరి.

ఈ సాక్ష్యమును విని అమెరికా వైమానికదళమువారు కలవరపడిరి. ఈ విషయములను విచారించుటకై వారు అప్పటికే ఒక శాఖను ఏర్పఱచియుండిరి. ఆ శాఖవారు ఈ వస్తువులు వేఱు గ్రహమునుండి వచ్చినవి కావచ్చునను అభిప్రాయముతో ఒక రహస్య నివేదిక వ్రాసిరనియు, సేనాధిపతి వాండెన్‌బర్గ్ నిదర్శనములు చాలవని దానిని త్రిప్పికొట్టెననియు, ఆ పనిని తరువాత నడిపిన అధికారి రప్పెల్ట్ తన గ్రంథమున వ్రాసినాడు. సేనవారికి సలహాదారుగా నుండిన ఖగోళశాస్త్రజ్ఞుడు హైనెక్ మాత్రము, ఇది పెద్ద ఉల్క కావచ్చుననెను. జూలై మాసపు చివరి దినములలో ఏటేట ఉల్కలు కొంత హెచ్చుగా రాలుట శాస్త్రజ్ఞులు ఎఱిగినదే. కాలక్రమమున సేనవారి దస్త్రములో ఆ నిర్ణయమే స్థిరపడినది.

చోదకులు ఒప్పుకొనలేదు. ఇరువది యేండ్ల తరువాత, 1968లో, జేమ్స్ మెక్‌డొనాల్డ్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు వారిని కలిసి అడిగెను. అప్పటికి వారు అదే సంస్థలో పెద్ద జెట్ విమానములు నడుపుచుండిరి. ఉల్కలను మేము ఎన్ని చూడలేదు, అది ఉల్క కాదని ఇరువురును గట్టిగా చెప్పిరి. ఇరువది యేండ్లు ఒకే మాటమీద నిలిచిన సాక్షులను రచ్చబండపై మీరు చూచియుందురు. అట్టివారిని అబద్ధమాడుచున్నారనుటకు నోరు రాదు. నాకును రాదు.

కాని అదే 1968వ సంవత్సరమున, వారి మాటను పరీక్షించుటకు దైవికముగా ఒక ఒరపిడిరాయి దొరికినది. మార్చి 3వ తేదీ రాత్రి, సోవియట్ రష్యావారు క్రిందటి దినమున జోండ్-4 అను అంతరిక్షనౌకను పంపినప్పుడు మిగిలిన రాకెట్టు శకలములు వాయుమండలమున ప్రవేశించి, అమెరికా తూర్పు రాష్ట్రములపై మండుచు పోయినవి. ఒకదాని వెనుక నొకటి, నిప్పుముక్కలు. అవి అనేక పదుల మైళ్ల యెత్తున నుండినవి. వాని నడుమ చీకటి తప్ప మఱేమియు లేదు. ఇది శాస్త్రజ్ఞులకు రూఢిగా తెలిసిన సంగతి. అప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ కాండన్ అను భౌతికశాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున వింతవెలుగులపై విచారణ జరుగుచుండెను. ఆ రాత్రి చూచినవారు వ్రాసిపంపిన పత్రములు ఆ విచారణసంఘమువారికి చేరినవి. విలియం హార్ట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరిశీలించెను.

అనేకులు ఉన్నదున్నట్లు, మండుచున్న శకలముల వరుస చూచితిమని వ్రాసిరి. కాని కొందఱు ఏమి వ్రాసిరో చూడుడు. చుట్టవంటి పెద్ద ఓడ. దాని ప్రక్కన వెలుగుచున్న కిటికీల వరుస. లోహపు రేకులను మేకులతో బిగించినట్టి దేహము. ఇండ్లపైనుండి, చెట్లకు కొంచెము పైగా పోయినదట! మఱియొక యామె తలక్రిందులైన మూడు పళ్లెములు చూచితినని వ్రాసి, తన కుక్క భయపడి మూలిగినదనియు చేర్చెను. వీరును చదువుకొన్నవారే, ప్రతిష్ఠ గలవారే.

కిటికీలు ఎచ్చటనుండి వచ్చినవి? వరుసగా పోవు దీపములు కనబడగా, నడుమనున్న చీకటిని మనస్సు దేహముగా పూరించెను. వెలుగులు కిటికీలైనవి. చైల్స్, విటెడ్ చెప్పిన ఓడ బొమ్మకును ఈ రాతలకును గల పోలికను హార్ట్‌మన్ తన వ్యాసమున ఎత్తి చూపెను. ఒక పెద్ద ఉల్క ముక్కలై మండుచు అరువది మైళ్ల యెత్తున పోయినను, చీకటిలో అది ఱెక్క ప్రక్కనే పోయినట్లు కనబడవచ్చును. వెలుగునకు స్వయముగా దూరము లేదు. దివిటీ ఎంత దూరమున నున్నదో మనము చెప్పగలుగుట, దివిటీ యెంతటిదో, మోయు మనుష్యుడు ఎంత యెత్తో మనకు ముందే తెలియుటచేత. తెలియని దీపమునకు ఆ కొలత వర్తింపదు.

నా చిన్ననాడు మా ఊరి చెఱువుకట్టపై ఒక రాత్రి మంట లేచినదని కేకలు వేసిరి. గడ్డివాములు అచ్చటనే యుండుటచేత కుండలతో నీరు మోసికొని నలువది మంది పరుగెత్తిరి. కట్టపై ఏమియు లేదు. తెల్లవాఱిన పిదప చూడగా రెండు క్రోసుల దూరమున కొండపై కార్చిచ్చు కాలిన మచ్చ కనబడినది. మొదట కేక వేసిన మా పినతండ్రి మాత్రము చచ్చువఱకు, ఆ మంట కట్టమీదనే ఉండెను, మీరు వచ్చునప్పటికి ఆఱిపోయినదని వాదించుచుండెడివాడు. ఆయన జన్మములో అబద్ధమాడి యెఱుగడు.

కాబట్టి చైల్స్, విటెడ్‌ల విషయమున నా తీర్పు హైనెక్ పక్షముననే మొగ్గుచున్నది. వారు చూచితిమన్న వెలుగు నిజము. నూఱడుగుల పొడవు, కిటికీలు, దగ్గఱితనము మనస్సు చేర్చినవి.

ఇదే చిక్కు జెట్ విమానముల కాలమునను తీరలేదు. 1986 నవంబరు 17వ తేదీన జపాన్ ఎయిర్‌లైన్స్‌వారి సరకు విమానము ఫ్రాన్సు దేశపు ద్రాక్షసారాయమును వేసికొని పారిస్ నుండి అలాస్కా మీదుగా టోక్యో పోవుచుండెను. సాయంకాలము అయిదు గంటలు దాటిన పిదప 35,000 అడుగుల యెత్తున కెప్టెను తెరాఉచి తమ విమానమునకు ఎడమవైపున వెలుగులు వచ్చుట చూచెను. కొంతసేపటికి అవి ఎదుటికి దూకి నిలిచినవనియు, వాని వేడి తన మొగమునకు తగిలినదనియు, పిదప వెనుకగా విమానవాహక నౌకకు రెండింతలుండు అక్రోటుకాయవంటి ఓడ నీడవలె కనబడినదనియు అతడు చెప్పెను. ఇది గంటకు కొంచెము తక్కువ సేపు నడిచినది. తక్కిన ఇద్దరు సిబ్బందిని అధికారులు విడివిడిగా ప్రశ్నింపగా, వెలుగులు చూచితిమనిరి గాని ఆ మహానౌకను కెప్టెను చెప్పినంత స్పష్టముగా తాము చూడలేదనిరి. దగ్గఱకు పోయి చూడుమని పంపిన మఱి రెండు విమానములవారికి జపాన్ విమానము తప్ప ఏమియు కనబడలేదు. రాడారు తెరపై కనబడిన రెండవ గుర్తు, అదే విమానపు ప్రతిధ్వని రెండుగా చీలుటవలన కలిగినదని 1987 మార్చిలో ప్రభుత్వ విమానయానశాఖవారు ప్రకటించిరి. అప్పుడు ఆకాశమున గురు, అంగారక గ్రహములు ఆ దిక్కుననే యుండెనని కొందఱు విమర్శకులు చూపిరి. ఆ జనవరిలో అదే కెప్టెను అదే ప్రాంతమున మరల వెలుగులు చూచితినని తెలుపగా, అవి గాలిలోని మంచురవ్వలచే చెదరిన ఊరి దీపములని అధికారులు తేల్చిరి. ఒకమాఱు వింతను చూచిన కన్ను రెండవమాఱు దానినే వెదకును గాబోలు. ఐనను మొదటి రాత్రి గంటసేపు జరిగినదంతయు గ్రహములతోనే తీఱిపోవునని నేను చెప్పజాలను.

ఇటీవలి కాలమున ఒక క్రొత్త చిక్కు వచ్చినది. 2019 మే మాసమునుండి స్టార్‌లింక్ అను పేర వేలకొలది కృత్రిమ ఉపగ్రహములను పైకి పంపుచున్నారు. సూర్యుడు దిగంతము క్రిందికి పోయిన తరువాత గూడ, ఆ యెత్తున నున్న ఉపగ్రహముల అద్దములవంటి పలకలపై ఎండ పడును. ఒక్కొక్కటి సరియైన కోణమునకు వచ్చినప్పుడు కొన్ని క్షణములు ధగధగ మెఱసి ఆఱిపోవును; వెనుక వచ్చునది అచ్చటనే మెఱయును. అంతెత్తున ఎగురు చోదకునికి ఇది ఒకే దీపము గుండ్రముగా తిరుగుచున్నట్లు తోచును. 2022 ఆగస్టులో పసిఫిక్ మహాసముద్రముపై రెండు ప్రయాణిక విమానములవారు ఇట్టి వెలుగులను చూచి తెలుపగా, పరిశోధకులు ఆ క్షణమున ఆ దిక్కున నున్న ఉపగ్రహముల స్థానములను లెక్కగట్టి సరిచూచిరి; లెక్క సరిపోయినది. చైల్స్ కాలమున ఇట్టి లెక్క వేయు వీలు ఉండియుండిన, ఒక తరమంత వాదము తగ్గియుండును.

కాని లెక్క వేయవలెనన్న ముందు చోదకుడు నోరు విప్పవలెను. నవ్వులపాలగుదుమను భయమున అనేకులు నోరు మెదపరనియు, అందువలన మంచి సమాచారము నష్టమగుచున్నదనియు, 2023 సెప్టెంబరులో అమెరికా అంతరిక్షసంస్థ నాసా నియమించిన పండితసంఘము చెప్పినది. ఇతరలోకవాసుల జాడకు నిదర్శనమేదియు దొరకలేదని ఆ సంఘమే చెప్పినది. ఈ రెండు మాటలును పత్రికలలో ఒకే దినమున వచ్చినను, రెండవదానిని చదివినంతమంది మొదటిదానిని చదువలేదు.

అమెరికా వైమానికదళమువారి విచారణ 1969లో ముగిసినది. 1947 నుండి అప్పటివఱకు వారికి చేరినవి 12,618 సమాచారములు. అందులో 701 తెగని తగవులుగనే దస్త్రములలో నిలిచినవి. ఆ 701లో ఒకటి పాన్ అమెరికన్ సంస్థవారి విమానమునకు సంబంధించినది. 1952 జూలై 14వ తేదీ రాత్రి ఎనిమిది గంటలు దాటిన పిదప, న్యూయార్క్ నుండి మయామీ పోవు ఆ విమానము వర్జీనియా తీరమున నార్‌ఫోక్ చెంత 8,000 అడుగుల యెత్తున నుండగా, విలియం నాష్, విలియం ఫోర్టెన్‌బెరీ అను చోదకులు తమకంటె క్రిందుగా ఎఱ్ఱని నిప్పుకణికలవంటి ఆఱు బిళ్లలు బారుగా వచ్చుట చూచిరి. అవి విమానము సమీపమునకు వచ్చి, నాణెములు అంచుమీద నిలిచినట్లు ఒక్కపెట్టున ఒఱిగి, వచ్చిన దారికి వాడియైన కోణముతో మఱలినవి. మఱి రెండు వచ్చి వానితో కలిసినవి. ఎనిమిదియు పడమటిదిక్కున ఆరిపోయినవి. మఱునాడు ఉదయమున సేనాధికారులు ఇరువురిని వేఱువేఱు గదులలో కూర్చుండబెట్టి ప్రశ్నించిరి. తాము చూచిన కాలమెంతో తెలిసికొనుటకు ఆ చోదకులు జరిగినదంతయు మరల అభినయించి గడియారముతో కొలిచిరి. పండ్రెండు సెకండ్లు వచ్చినది.